పోటీ పడితే పరువు పోతుందా?

‘శాస్త్రవేత్తల సంఘానికి ఎన్నికలేమిటండీ, అదేమన్నా సర్పంచి పదవా?’ రాజేంద్రనగర్‌లో పంటల పరిశోధనతో సంబంధమున్న ఎవరిని కదిలించినా ఈ మాటే వస్తుంది. పెద్దాయన ఉన్నాడు, ఆయన్ను కూర్చోబెడితే సరిపోతుంది. పోటీ పెడితే వర్గాలు పుడతాయి, వర్గాలు పుడితే పని చెడుతుంది. ఏకగ్రీవమే మర్యాద. ఇంత నెమ్మదిగా, ఇంత సభ్యతగా చెబుతారు కాబట్టి ఎదురు మాట్లాడటానికి ఎవరికీ నోరు రాదు. నా మటుకు నాకు ఇది మర్యాద ముసుగేసుకున్న బద్ధకంలా కనిపిస్తుంది. కొన్నిచోట్ల అంతకన్నా చెడ్డదే.

ముందు ఊరి సంగతి. ఆరాంఘర్ చౌరస్తా దాటి లోపలికి వెళితే ప్రతి గేటూ ఒక పంట పేరు చెబుతుంది. వరి పరిశోధన సంస్థ, నూనెగింజల సంస్థ, చిరుధాన్యాల సంస్థ, కోళ్ల పరిశోధన సంస్థ, వ్యవసాయ విశ్వవిద్యాలయం, నార్మ్, మేనేజ్, మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ. వీటి నీడలోనే వృత్తి సంఘాలూ కాపురముంటాయి. వరికి సొసైటీ ఫర్ అడ్వాన్స్‌మెంట్ ఆఫ్ రైస్ రీసెర్చ్, నూనెగింజలకు ఇండియన్ సొసైటీ ఆఫ్ ఆయిల్‌సీడ్స్ రీసెర్చ్, సస్యరక్షణకు ప్లాంట్ ప్రొటెక్షన్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. పత్రిక వేస్తారు, సదస్సు జరుపుతారు, అవార్డులిస్తారు. చిరునామా మాత్రం సర్కారు సంస్థదే. దేశమంతా ఇదే అచ్చు. ఆలుగడ్డకూ అంతే. 1974లో పుట్టిన ఇండియన్ పొటాటో అసోసియేషన్ సిమ్లాలో కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ చిరునామా మీదే నడుస్తోంది.

ఆలుగడ్డ ఊసు రాజేంద్రనగర్‌లో దేనికంటారా? వ్యవసాయ పరిశోధన సర్వీసుకు ఎంపికైన కొత్త శాస్త్రవేత్త సిమ్లాకు వెళ్లాల్సినవాడైనా, కటక్‌కు వెళ్లాల్సినవాడైనా, తొలి శిక్షణ నార్మ్‌లోనే. 1976 నుంచీ ఉన్న అకాడమీ అది. పంట ఏదైనా కొలువు నడవడికలో ఓనమాలు దిద్దేది ఇక్కడే. పైగా ఇక్కడి నుంచి ముంబై హైవే ఎక్కితే కాసేపట్లో జహీరాబాద్, అక్కడంతా ఆలుగడ్డ చేలు. కాబట్టి ఆలుగడ్డ సంఘానికి అధ్యక్షుడు ఎలా రావాలన్న ప్రశ్న మనది కూడా. ఫలానా సంఘాన్ని వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. అన్ని సంఘాల్లోనూ వేళ్లూనుకున్న ఒక అభిప్రాయంతోనే నా పేచీ.

ఆ అభిప్రాయం ఆచరణలో ఎలా ఉంటుందో చూడాలంటే ఏదైనా జాతీయ సదస్సు ఆఖరి రోజు సాయంత్రం హాల్లో వెనక వరసలో కూర్చోవాలి. ముగింపు సభ అయిపోయింది, శాలువాలు కప్పేశారు. సర్వసభ్య సమావేశాన్ని ఎప్పుడూ ఆ తర్వాతే పెడతారు. సగం మందికి శంషాబాద్‌లో రాత్రి విమానం. మెడలో ఇంకా సదస్సు బిళ్ల వేలాడుతోంది, భుజానికి జనపనార సంచి, చేతిలో ఫోను, ఫోన్లో క్యాబ్ ఎంత దూరంలో ఉందో చూపే పటం. కార్యదర్శి ఒక కాగితం తీస్తారు. అధ్యక్షులుగా ఫలానావారు. ముందు వరసలోంచి ఒకరు ‘ప్రతిపాదిస్తున్నాను’, పక్క కుర్చీలోంచి ఇంకొకరు ‘బలపరుస్తున్నాను’. చప్పట్లు. ఇంకెవరైనా ఉన్నారా అని అడిగే మాట చప్పట్లలో కలిసిపోతుంది. బయట చాయ్ చల్లారేలోపు కొత్త కార్యవర్గం సిద్ధం. జీవిత సభ్యత్వం కట్టి ఇరవై ఏళ్లయిన మనిషి కూడా ఆ కాగితం మీద ఏం రాసి ఉందో అప్పుడే వింటాడు.

దీన్ని అందరి అంగీకారం అంటున్నారు. అడగనిదానికి అంగీకారం ఎక్కడి నుంచి వస్తుంది? ఏకగ్రీవం రుచి మన పల్లెలకు బాగా తెలుసు. 2021 పంచాయతీ ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకగ్రీవమైన ఊళ్లకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా నజరానా ప్రకటించింది. కొన్ని జిల్లాల్లో అవి కుప్పలుతెప్పలుగా వచ్చిపడితే రాష్ట్ర ఎన్నికల సంఘమే అనుమానపడి నివేదికలు తెప్పించుకుంది. నామినేషన్ వేయబోయినవాణ్ని రాత్రికి రాత్రి పెద్దమనుషులు కూర్చోబెట్టి మాట్లాడటం, గుడికో బడికో ఎక్కువ పాట పాడినవాడికి పదవి ఖాయం చేయడం మనకు కొత్తేమీ కాదు. ఊళ్లో జరిగితే అప్రజాస్వామికం అని సంపాదకీయాలు రాస్తాం. అదే పని కోటు వేసుకున్నవాళ్లు ఏసీ హాల్లో చేస్తే హుందాతనం అంటాం. సర్పంచి పదవితో పోలిక పెట్టి ఈసడించేవారికి ఒక్క మాట: సర్పంచి కనీసం ఊళ్లో గడప గడపకూ తిరిగి మొహం చూపిస్తాడు.

పోటీ శాస్త్రవేత్త స్వభావానికి పడదనే వాదన ఇంకా విడ్డూరం. రాజేంద్రనగర్ పేరు దేశానికి తెలిసిందే పోటీ వల్ల. 1965లో అఖిల భారత వరి పరిశోధన పథకం మొదలైనప్పుడు ఎస్.వి.ఎస్. శాస్త్రి, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ తరఫున వచ్చిన వేన్ ఫ్రీమన్ కలిసి నిలబెట్టిన పద్ధతి ఏమిటి? ఎంత పేరున్న బ్రీడరు పంపిన వంగడమైనా పేరు తీసేసి నంబరు తగిలిస్తారు. ఒకే మడిలో జాతీయ ప్రామాణిక రకం, ప్రాంతీయ రకం, స్థానిక రకం పక్కన నాటుతారు. మొదటి ఏడాది ప్రాథమిక పరీక్ష, దాన్ని దాటితే తర్వాతి రెండేళ్లు పై అంచె పరీక్షలు. దిగుబడిలోనో, తెగులు తట్టుకోవడంలోనో పక్క రకాన్ని మించకపోతే బయటికే. డైరెక్టరు గారి వంగడమని ఎవరూ చప్పట్లు కొట్టి విడుదల చేయరు. పదేళ్ల కష్టం మూడో ఏట ఒక పట్టికలో కొట్టివేత గీత కింద పోయినా ఆ బ్రీడరు పరువు పోలేదు, మళ్లీ సంకరం చేసుకుంటాడు. తన వంగడానికి ఏ న్యాయం సరిపోయిందో తనకు మాత్రం అది అవమానమా? ఆలుగడ్డలోనూ కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ పుఖ్‌రాజ్ వంటి రకాలేవీ సన్మానాలతో చేలోకి రాలేదు, పక్క రకాలతో తలపడి వచ్చాయి.

‘అంతా సరే, పోటీ పెట్టి ఏం అడుగుతారు? అధ్యక్షుడికి ఉండే అధికారమెంత?’ అంటారు తెలివైనవారు. అసలు విషయం ఇక్కడే ఉంది కాబట్టి కొంచెంసేపు ఆగుదాం. నేనైతే అభ్యర్థి ముందు ఒక కత్తి పెడతాను.

జహీరాబాద్ వైపు దసరా, దీపావళి రోజుల్లో ఏ ఆలుగడ్డ రైతు ఇంటి ముందుకు వెళ్లినా అరుగు మీద ఆడవాళ్లు గోనె పట్టా పరుచుకుని విత్తన దుంపలు కోస్తుంటారు. ఎకరాకు పది పన్నెండు క్వింటాళ్ల విత్తనం. ఉత్తరాది నుంచి లారీల్లో దిగుతుంది, సాగు ఖర్చులో పెద్ద భాగం దానికే పోతుంది. అందుకే పొదుపు: దుంప దుంపకూ కన్ను ఎక్కడుందో చూసి రెండు ముక్కలో మూడు ముక్కలో చేస్తారు. ఒకటే కత్తి, ఒక దుంప నుంచి ఇంకో దుంపకు, ఒక బస్తా నుంచి ఇంకో బస్తాకు. కోసిన చోట గోధుమరంగు చార కనిపిస్తే ఆ దుంప పక్కన పడేస్తారు గానీ కత్తిని మందు నీళ్లలో ముంచేవాళ్లు తక్కువ. ఆ ఒక్క దుంపలో బాక్టీరియా ఎండు తెగులు ఉంటే కత్తి దాన్ని గోనె నిండా పంచుతుంది. నెలన్నర తర్వాత పచ్చటి మొక్క నిలువునా వాలిపోతే రైతు నీళ్లు తక్కువయ్యాయేమో అనుకుని ఇంకో తడి పెడతాడు. తెగులు నీటి వెంట పక్క సాళ్లకు పోతుంది.

ఆలుగడ్డ శాస్త్రంలో పెద్ద ప్రశ్నలన్నీ ఆ కత్తి దగ్గరే మొదలవుతాయి. ఉత్తరాది మైదానాల్లో పేనుబంక ఉద్ధృతి లేని చలినెలల్లో విత్తనపంట వేసి, పేను పెరిగేలోపు తీగ కోసేసే పద్ధతిని పుష్కర్‌నాథ్ వంటివారు రూపొందించారు కాబట్టే కొండల మీది విత్తనం కోసం దేశం ఎదురు చూడాల్సిన పని తప్పింది. దక్కన్ పీఠభూమికి అలాంటి వెసులుబాటు ఎవరు కల్పించాలి? తెలుగు రాష్ట్రాల్లో సిమ్లా సంస్థకు ప్రాంతీయ కేంద్రమే లేదు. 2025 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం లిమాలోని అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రానికి దక్షిణాసియా శాఖను 111 కోట్ల రూపాయల పైచిలుకుతో ఆగ్రా దగ్గర పెట్టడానికి ఒప్పుకుంది. మంచిదే. దానివల్ల దక్షిణాది రైతుకు ముక్కలు కోయనక్కర్లేని చిన్న దుంప విత్తనం ఎప్పటికి అందుతుంది? ఈ ప్రశ్నకు ఇద్దరు అభ్యర్థులు చెరో పేజీ జవాబు రాసి సభ్యులకు పంపితే, ఎవరికి లోతుందో ఎవరికి బిరుదులున్నాయో చదివినవారికి తెలిసిపోతుంది. చప్పట్లతో వచ్చిన అధ్యక్షుణ్ని ఈ ప్రశ్న అడగడానికి సందర్భమే రాదు.

ఇంకో ప్రశ్న ఇంతకన్నా ఇరుకున పెడుతుంది. 2019 ఏప్రిల్‌లో చిప్స్ కోసం తాను రిజిస్టరు చేయించుకున్న ఆలుగడ్డ రకాన్ని అనుమతి లేకుండా పండించారని పెప్సికో గుజరాత్ రైతుల మీద కోర్టుకెక్కింది. నలుగురు చిన్న రైతుల దగ్గర తలా కోటి రూపాయలకు పైనే పరిహారం అడిగింది. దేశమంతా భగ్గుమంటే మేలో కేసు వెనక్కి తీసుకుంది. అక్కడితో ఆగలేదు. మన తెలుగావిడ కవిత కురుగంటి వేసిన దరఖాస్తు మీద మొక్కల రకాల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2021 డిసెంబర్‌లో ఆ రిజిస్ట్రేషన్‌నే రద్దు చేసింది. 2023లో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం రద్దును సమర్థించింది, 2024 జనవరిలో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసి కంపెనీ వైపు తీర్పిచ్చింది. 2001 చట్టంలోని 39వ సెక్షన్ రైతుకు ఇచ్చిన హక్కు ఎంతవరకు, బ్రీడరు హక్కు ఎక్కడి నుంచి అనేది ఆలుగడ్డ శాస్త్రవేత్తలకు రోజువారీ సమస్య. ఒకరు కంపెనీ వైపు మొగ్గవచ్చు, ఇంకొకరు రైతు వైపు. రెండూ శాస్త్రవేత్తకు తగని అభిప్రాయాలేమీ కావు. తగనిది ఒకటే: ఎవరెటో తెలియకుండా కుర్చీ ఎక్కడం. ప్రైవేటు విత్తన కంపెనీలు సదస్సులకు డబ్బు పెడుతున్న కాలంలో ఇది తెలియాలా వద్దా?

ఇప్పుడు వాదనలో ఎవరూ పైకి అనని భాగానికి వద్దాం. నియమాలు ఒప్పుకోవంటారు. నిజమే, 1964 నాటి కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తన నియమావళిలో 15వ నియమం ఉంది. వ్యవసాయ పరిశోధన మండలి ఉద్యోగులు పాటించేది దాన్నే. ముందస్తు అనుమతి లేకుండా ఏ సంస్థలోనూ ఎన్నికతో వచ్చే పదవి చేపట్టకూడదు, అలాంటి పదవికి నిలబడినవారి కోసం ప్రచారం చేయకూడదు అంటుంది. దాన్ని చూపించి, ‘చూశారా, పోటీ అంటేనే నిషేధం’ అని తేల్చేస్తారు. ఆ నియమం మళ్లీ ఒకసారి చదవండి. ఎన్నికతో వచ్చే పదవి అంటోందే గానీ పోటీతో వచ్చే పదవి అనడం లేదు. ఏకగ్రీవంగా ఎన్నికైనా ఎన్నికే కదా. పోటీదారుకు అనుమతి కావాలంటే చప్పట్లతో ఎక్కిన పెద్దాయనకూ కావాలి. ఒకరికి అడ్డుగోడ, ఇంకొకరికి రాచబాట ఎలా అయింది?

ఎలాగంటే, అనుమతి కాగితం పైకి వెళ్లే దారి పైఅధికారి బల్ల మీదుగా పోతుంది. చాలా పంటల్లో ఆనవాయితీ ప్రకారం అధ్యక్షుడయ్యేది కూడా ఆ పైఅధికారే. ఆయన కింద పనిచేసే సీనియర్ శాస్త్రవేత్త, ‘అయ్యా, మీ మీద నిలబడదామనుకుంటున్నాను, సంతకం పెట్టండి’ అని ఆయన్నే అడగాలి. వార్షిక పనితీరు నివేదిక రాసేదీ ఆయనే, ప్రాజెక్టుకు డబ్బు ఆమోదించేదీ ఆయనే, విదేశీ సదస్సుకు సెలవిచ్చేదీ ఆయనే. ఆ శాస్త్రవేత్త నోరు మూసుకుంటే దానికి మనం ‘ఎవరూ ముందుకు రాలేదు’ అని పేరు పెట్టి మినిట్స్ పుస్తకంలో రాసుకుంటున్నాం. డైరెక్టర్లంతా కక్షసాధించేవాళ్లని నేననడం లేదు. చాలామంది మంచివాళ్లే. మంచివాడి మంచితనాన్ని పరీక్షించే ఖర్చు కిందివాడు ఎందుకు పెట్టుకోవాలన్నదే నా ప్రశ్న. రిజిస్టరైన శాస్త్ర సంఘాల ఎన్నికల్లో నిలబడటానికి శాస్త్రవేత్తలందరికీ ఒకేసారి అనుమతినిస్తూ మండలి ఒక్క ఉత్తర్వు ఇస్తే ఈ ముడి వీడిపోతుంది. అలా అడిగే సాహసం సంఘాలే చేయాలి. చేయాల్సిన సంఘాలకు అధిపతులెవరో చెప్పానుగా!

వర్గాలు పుడతాయన్న భయం గురించి ఎక్కువ రాయక్కర్లేదు. బాపట్ల వాళ్లు, రాజేంద్రనగర్ వాళ్లు, కేంద్ర సర్వీసు, రాష్ట్ర విశ్వవిద్యాలయం, ఫలానా గురువుగారి శిష్యులు, కులాలు, ప్రాంతాలు, ఇవన్నీ ఇప్పుడే ఉన్నాయి. కాకపోతే ఫోన్లలో ఉన్నాయి, కాగితం చదివే ముందు రాత్రి గెస్ట్‌హౌస్ గదిలో ఉన్నాయి. బ్యాలెట్ పెట్టెకు భయపడేది వర్గాలే. ఎన్ని ఓట్లు తమవో అప్పుడు బయటపడుతుంది.

సంస్థ అధిపతి అధ్యక్షుడిగా లేకపోతే గది దొరకదు, హాలు దొరకదు, పత్రిక పోస్టు ఖర్చు పుట్టదు అన్నది మాత్రం నిజాయితీ ఉన్న అభ్యంతరం. నాకూ దీనికి గౌరవముంది, ఎందుకంటే ఇది లెక్కల మాట. జవాబు కూడా లెక్కలోనే ఉంది. అధిపతిని హోదారీత్యా సంఘానికి పోషకుణ్ని చేయండి, ముందు వరసలో కూర్చోబెట్టండి, పత్రిక మొదటి పుటలో పేరు వేయండి. గది, హాలు సంస్థవి, అవి సంస్థ ఇస్తుంది. ఎజెండా రాసే చేయి మాత్రం సభ్యులు ఎన్నుకున్న మనిషిది కావాలి. అధిపతికి నిజంగా అధ్యక్షత మీద మోజుంటే ఆయనా నామినేషన్ వేయవచ్చు, కాకపోతే ఇంకొకరి పేరు పక్కన.

కొత్తవాడికి అనుభవం చాలదన్న మాటకూ మందు లోకంలో ఎప్పుడో కనిపెట్టారు. 1913లో మొదలైన పొటాటో అసోసియేషన్ ఆఫ్ అమెరికాలో ఎవరూ నేరుగా అధ్యక్షులు కారు. అభ్యర్థుల పరిచయాలు ముందే సభ్యులకు చేరతాయి. ఓటుతో ఉపాధ్యక్షుడిగా వస్తారు, తర్వాత కాబోయే అధ్యక్షుడు, ఆ తర్వాత అధ్యక్షుడు. దిగాక మాజీగా కార్యవర్గంలోనే ఉండి వెనక వచ్చినవారికి దారి చూపుతారు. పోటీ కింది మెట్టు దగ్గర, అనుభవం పై మెట్ల మీద. మన కళ్ల ముందే ఇంకో ఉదాహరణ ఉంది. 1924లో కేంబ్రిడ్జిలో పుట్టిన అంతర్జాతీయ విత్తన పరీక్షల సంఘం 32వ మహాసభ 2019లో హైదరాబాద్‌లోనే జరిగింది. ఆ సభలో తెలంగాణ విత్తన ధ్రువీకరణ సంస్థ డైరెక్టర్ కేశవులు ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. మూడేళ్లు ఆ పనిలో ఉండి, 2022లో అధ్యక్షుడయ్యారు. మన ఊళ్లో అందరం పూలదండలు పట్టుకుని పరిగెత్తాం, పత్రికల్లో ఫొటోలు వేశాం. ప్రపంచ సంఘంలో అంచెలంచెలుగా పైకొచ్చినవాణ్ని చూసి మురిసిన చేతులే ఇంటి సంఘంలో అలాంటి అంచె ఒక్కటి పెట్టమంటే ముడుచుకుంటున్నాయి.

ఓడినవాడు అలిగి సంఘం వదిలేస్తాడంటారు. వదిలేసిన సీనియర్లు ఇప్పటికే ఎంతమందో ఏ సంఘమైనా చందా పుస్తకం తిరగేసి చూసుకోవచ్చు. వాళ్లలో ఎక్కువమంది వెళ్లిపోయింది ఓడి కాదు. ఎప్పుడూ ఎవరూ ఏమీ అడగకపోతే చందా కట్టి ఏం చేయాలని వెళ్లిపోయారు. కుర్రవాళ్లు చేరేది కూడా పత్రికలో పేపరు పడాలన్నా, పదోన్నతికి అవార్డు కాగితం కావాలన్నా సభ్యత్వం ఉండాలి కాబట్టి. ఆ అవసరం తీరగానే వాళ్లకు సంఘం పేరైనా గుర్తుండదు. డబ్బు కట్టించుకుని ఉత్తమ శాస్త్రవేత్త బిరుదులు పంచే దుకాణాలు కూడా సంఘం పేరుతోనే వెలిశాయంటే, అసలు సంఘాలు తలుపులు మూసుకుని కూర్చోవడమూ ఒక కారణమే.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. సర్వసభ్య సమావేశాన్ని ఆఖరి సాయంత్రం నుంచి మొదటి రోజు ఉదయానికి మార్చాలి, విమానాల తొందర లేని వేళకు. నెల ముందే అభ్యర్థుల పేజీలు సభ్యులందరికీ వెళ్లాలి. ఓటు రహస్యంగా పడాలి, రానివారికి తపాలాలోనో ఫోన్లోనో. సంఘాల రిజిస్ట్రేషన్‌కు మనకు 2001 నాటి చట్టం ఉంది, అంతకు ముందు నిజాం కాలపు 1350 ఫసలీ చట్టం ఉండేది. కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు చేరాలని చట్టం చెబుతుంది గానీ అది చప్పట్లతో రావాలని చెప్పదు.

‘ఇన్ని చేసినా ఒక్కరే నామినేషన్ వేస్తే?’ అని కార్యదర్శి ఒకాయన నన్ను నిలదీశారు. వేయనివ్వండి. ఆ ఒక్కరి పేజీ కూడా సభ్యులకు పంపండి, బ్యాలెట్ మీద ఆ పేరు కింద ‘వీరు వద్దు’ అని ఇంకో గడి అచ్చువేయండి. ఆ గడిలో పడ్డ గుర్తులు ఎన్నో లెక్కపెట్టి పత్రిక తర్వాతి సంచికలో వేయండి.